పన్నెండో జత

మగవాళ్ల ఏడో నంబరు బూట్లలో
ముందువైపు పాతగుడ్డ కుక్కుకుని
పదకొండేళ్లు నడిచాను కాలవ గట్ల మీద.

సర్వేపల్లి కాలవ పనిలో ఒక పొద్దున
ఎడమ బూటు బురదలోనే ఉండిపోయింది,
కాలు ఒక్కటే పైకొచ్చింది.
మేస్త్రీ మస్తానయ్య నవ్వలేదు పాపం,
తల పక్కకు తిప్పుకుని
జేబులో లేని బీడీ కోసం వెతుక్కున్నాడు.
ఆ మర్యాదే నన్ను ఎక్కువ గుచ్చింది.

ట్రంకు రోడ్డులో జిరాక్సు షాపు పైన
రెండో అంతస్తు, రెండో శనివారం.
"ఆడ ఇంజనీర్లం కలుస్తుంటాం, రండి మేడం" అని
మునిసిపాలిటీ డ్రైనేజీ చూసే ఫాతిమున్నీసా
మూడుసార్లు పిలిచింది.
మూడుసార్లూ పనుందన్నాను.
చూడనివా అలాంటివి?
జ్యోతి వెలిగించడం, శాలువా,
గంటన్నర ఆలస్యంగా ముఖ్య అతిథి,
ఇంటికెళ్లేటప్పుడు చేతిలో ఓ స్టీలు డబ్బా.

నాలుగోసారి ఆమె పిలవలేదు. అడిగింది:
"మీ పాదం నంబరెంత?"

సంగతేందంటే, చెన్నైలో ఒక డీలరు
ఇనప ముక్కు బూట్లు ఐదో నంబరులో చేయిస్తాడంట,
డజనుకు తక్కువైతే ఫోనే ఎత్తడంట.
వీళ్లు పదకొండు మంది.

మెట్లెక్కాను.
సున్నం రాలే గది. పొట్లంలో చల్లారుతున్న కారం దోసెలు.
కుర్చీలు చాలక బల్ల మీద కూర్చున్న పిల్ల,
కృష్ణపట్నం రేవులో క్రేన్లు చూస్తుందట, పేరు మెర్సీ సుకన్య.
సబ్‌స్టేషను రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన పెంచలమ్మ,
నుదుటి మీద ఇంకా మాయని హెల్మెట్టు గీత.
అందరికన్నా ముందొచ్చి శనక్కాయలు ఒలుస్తూ హైమావతి గారు,
ఒకప్పుడు సోమశిల గేట్ల దగ్గర
ఒంటరి ఆడమనిషి.
"నేను హవాయి చెప్పులతో ఎక్కానమ్మా డ్యాము.
గొప్ప అని పొగడొద్దు.
జారుంటే చచ్చేదాన్ని."
రిటైరయ్యారు కదా, బూట్లు మీకెందుకండీ అంటే
"లెక్కకి" అన్నారు.

పేరూ నంబరూ రాసి దిగిపోదామనుకున్నాను.
దోసె చేతిలో పెట్టారు. కూర్చున్నాను.
ఎట్లా వచ్చిందో నోటికి, చెప్పేశాను:
నేను కొలవని కొలతలు ఎం-బుక్కులో నింపుకొచ్చి
సంతకం పెట్టమంటున్న కాంట్రాక్టరు గురించి,
మళ్లీ కొలుద్దామంటే
టేపు పట్టే కుర్రాడికి ఆ రోజే జ్వరం రావడం గురించి.
మా ఆయనకు కూడా చెప్పని సంగతి.

ధైర్యంగా ఉండు అని ఒక్కరూ అనలేదు.
పెంచలమ్మ దోసె నములుతూ
"ఎన్ని మీటర్లు?" అంది.
ఫాతిమున్నీసా అడిగింది,
"టేపు రెండో కొస పట్టేదెవరు?"

సోమవారం ఆరింటికి తనే వచ్చి పట్టింది.
బురఖా అంచు మోకాళ్లదాకా ఎత్తి కట్టుకుని
తుమ్మ ముళ్లు తొక్కుకుంటూ చివరిదాకా నడిచింది.
తూములో నీటికోడి ఒకటి మమ్మల్ని తిట్టింది.
పదహారు మీటర్లు తక్కువొచ్చింది.
ఉన్నదే రాశాను.
తర్వాత ఏమైందో అది వేరే కథ,
బదిలీ కాగితం ఉంది అందులో, మూడు నెలల నిద్రలేమి ఉంది.
ఆ మూడు రెండో శనివారాలూ
ఎవరో ఒకరు కింద స్కూటర్ హారను కొట్టేవాళ్లు.

బూట్లు వచ్చాయి, పన్నెండు అట్టపెట్టెలు.
మొదటి వారం కరిచాయి.
బొబ్బలెక్కిన మడమ చూసుకుని
వెర్రిదానిలా సంతోషపడ్డాను.
గుడ్డ లేదు మధ్యన. నా కాలే.
మస్తానయ్య చూసి, "ఇప్పుడు బాగుండాయమ్మా" అన్నాడు,
ఈసారి తల తిప్పుకోకుండా.

పోయిన నెల కావలి నించి ఒక పిల్ల వచ్చింది,
కొత్త ఉద్యోగం, బక్కపల్చన, గుమ్మంలోనే ఆగింది.
నేనే అడిగాను నంబరెంతని.
తప్పు చేసినట్టు చెప్పింది,
"నాలుగండీ."

గదిలో ఒక్క క్షణం శనక్కాయల చప్పుడు ఆగింది.
హైమావతి గారు ఒళ్లోని పొట్టు దులుపుకుని
నోటు పుస్తకంలో కొత్త పేజీ తిప్పారు.
పైన 'నాలుగో నంబరు' అని రాసి, గీత గీసి,
కింద ఒకటి వేసి,
కళ్లద్దాల మీంచి చూస్తూ
"పేరు చెప్పమ్మా" అన్నారు.